మట్టిగంప బాకీ

అనగనగా, కొండలు ఇంకా నడక మరిచిపోని రోజుల్లో, చిలకలేటి ఒడ్డున తుమ్మెదపురం అనే ఊరుండేది. ఆ ఏరు పొంగిందంటే ఆకాశంలో చుక్కలు సైతం పంచెలు ఎగ్గట్టుకునేవి! అందుకే ఏటా వానలకు ముందు ప్రతి ఇల్లూ పది గంపల మట్టి గట్టు మీద పొయ్యాలి. అదే ఆ ఊరి పన్ను.

ఆ ఏడు వానలకు ఇంకా పదిరోజులే మిగిలాయి. గట్టు మోకాలెత్తు దాటలేదు. గట్టు కింద మొదటి ఇల్లు దండోరా వేసే బాలంకయ్యది. పాపం, అతనికి ముద్ద దిగడం లేదు.

ఆ ఊళ్లోనే కాపురమున్న రాజుగారి మంత్రి అతన్ని పిలిచాడు. "ముప్పాతిక ఊరు బాకీ పడిందని చాటి గుర్తు చెయ్యరా!"

బాలంకయ్య డప్పు కొట్టాడు. ఆ మోతకు గేదెల పొదుగుల్లోనే పాలు పెరుగైపోయాయి. "వినండహో! ముప్పాతిక ఊరు మట్టి బాకీ!"

"అంతమంది ఎగ్గొట్టారా? అయితే మనకేం తొందర?" అంటూ గంప ఎత్తుకున్నవాళ్లు కూడా దించేశారు.

రెండోసారి, "పొయ్యని ఇంటికి తాళం వేస్తామహో!" అని చాటాడు. ఊరంతా లోపల గడియ పెట్టుకుంది. తలుపు తడితే పిల్లులు పలికాయి, "ఇంట్లో ఎవరూ లేరు!" అని.

బాలంకయ్య ఉసూరుమంటూ ఇల్లు చేరాడు. మూల ఖాళీ గంప కనిపించింది.

"సూరమ్మా, మన మట్టి పోశావా?"

"ఎందుకు పోస్తాను మావా? ఎవరూ పొయ్యలేదని డప్పు కొట్టి మరీ చెప్పావుగా!" అంది పెళ్లాం.

బాలంకయ్య నోరు గుహలా తెరుచుకుంది. డప్పు చిలక్కొయ్యకు తగిలించాడు. ముందు తన పది గంపలూ పోశాడు. అప్పుడు, ఊళ్లో అందరికంటే ఎక్కువ పోసిన కుమ్మరివీధికి నడిచాడు.

"గంగులన్నా, మీ వీధిలో పదిళ్లకు ఎనిమిదిళ్లు పోసేశాయి. పనుల్లో పడి మీరు మరిచారేమో."

గంగులన్న తల గోక్కున్నాడు. "మరుపేనోయ్, మరుపే!" పొద్దు వాలకముందే పోశాడు. రెండో ఇల్లూ పోసింది.

"కుమ్మరివీధి పూర్తయింది" అని సాలెవీధిలో చెబితే, వాళ్లు రోషంకొద్దీ ఇంటికి పది గంపలకు పన్నెండు పోశారు. అలా వీధి వెంట వీధి కదిలింది. తొమ్మిదో రోజుకు ఒక్క ఇల్లే మిగిలింది. ఎవరిదనుకున్నారు? మంత్రిది!

"అయ్యా, ఊరంతా పోసింది. రాచకార్యాల్లో తమరు మరిచినట్టున్నారు" అన్నాడు బాలంకయ్య, నవ్వు బుగ్గన దాచుకుని.

మంత్రి ముఖం పండుమిరపకాయైంది. తలపాగా మీదే గంప పెట్టుకుని పరిగెత్తాడు.

పదో రోజు ఏరు ఏడు తాడిచెట్ల ఎత్తు లేచింది. మంత్రి చివరి గంప పోసినచోట, గట్టు అంచుకు వేలెడు కింద ఆగి, గుర్రుమని వెనక్కి మళ్లింది. ఆ పూట బాలంకయ్య కుండెడన్నం తిని, కుండ కూడా కొరకబోయాడట!

కాబట్టి పిల్లలూ, ఎగ్గొట్టినవాళ్ల లెక్క చాటకండి. ఇచ్చినవాళ్ల సంగతి మర్యాదగా గుర్తు చెయ్యండి, ఊరు దానంతటదే గంప ఎత్తుకుంటుంది.