పల్లకీ కింది జ్వరం

రాజుగారి ధర్మవైద్యశాలను షావుకారుకు రాసిచ్చే పత్రంతో మంత్రిగారు పల్లకీలో బయల్దేరారు. వెనక మోస్తున్న గవరయ్య చూపంతా ముందున్న తమ్ముడు అప్పన్న మీదే. వాడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

మంచుతెరల్లో మెరిసే ఏటి మీద, ఇరుకు వంతెన నడుమ పల్లకీ ఊగింది.

"ఏంట్రా ఆ ఊపు?" మంత్రి అరిచారు.

"తమ్ముడికి జ్వరం దొరా. షావుకారు మనుషులు అప్పుడే వైద్యశాల గుమ్మంలో కూర్చుని, డబ్బు లేదని గెంటేశారు. ఇకమీదట జ్వరంతోనే మిమ్మల్ని మోయాలి గదా, అలవాటు చేసుకుంటున్నాం."

మంత్రి కింద సుడులు తిరిగే నీళ్లు చూశారు. "వీణ్ణి వైద్యశాలకు తీసుకెళ్లు. నా పేరు చెప్పు!"

"చిత్తం దొరా. రేపు మిమ్మల్ని మోసేదెవడో తెలీదు. ఊళ్లో అందరూ మీ పేరే చెప్పొచ్చా?"

మంత్రి ఒళ్లోని పత్రం విప్పి, మళ్లీ కింది నీళ్లకేసి చూశారు. పల్లకీ ఒడ్డు చేరేసరికి ఆ పత్రం ఏట్లో కొట్టుకుపోతోంది.