ఇస్త్రీకొచ్చిన నోటు

రేగులంక రాజుగారికి ఓ కొత్త సరదా పుట్టింది. తాతగారి కాలంలో మూతపడ్డ జాతీయ బ్యాంకు నోట్లు పోగెయ్యాలని. పాత నోటు తెచ్చినవాళ్లకి తగిన వెల ఇస్తామని దండోరా వేయించారు. వెల కట్టే పని పరీక్షాధికారి శేషాచలపతిది. తలమీద గంజిపెట్టిన తలపాగా, చేతిలో భూతద్దం. ఆయన మాటకి తిరుగులేదు.

రేవులో పడవ నడిపే నూకాలమ్మ సభకి ఓ నోటు పట్టుకొచ్చింది. మొన్నటి వరదకి పడవ పగిలిపోయింది. కొత్తది కొనలేకపోతే పిల్లలకి ముద్ద లేదు.

అధికారి నోటుని వెలుగుకి పెట్టి చూశాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెదవి విరిచాడు.

"నట్టనడుమ మడత. ఎవడిక్కావాలిది? అర్ధరూపాయి చేస్తుంది. ఖజానాకి దండగ. పోనీ పాపం, నా జేబులోంచి రూపాయిచ్చి నేనే ఉంచుకుంటాను."

నూకాలమ్మ లెక్క వేసుకుంది. రూపాయికి తెడ్డు కూడా రాదు.

రాజుగారి పక్కన తమలపాకులు చుడుతున్న గుంపస్వామి తలెత్తాడు. అధికారి జేబులోంచి పైసా రాలగా అతనెన్నడూ చూళ్లేదు.

"అయ్యా, మడతొక్కటేనా లోపం?"

"అది చాలదూ?"

"అది లేకపోతే?"

"లేకపోతే వేరే మాట. ఉందిగా."

"అయితే ప్రభూ, ఇస్త్రీపెట్టె తెప్పించండి. మడత తీసేద్దాం."

రాజుగారికి తమాషాగా తోచింది. నిప్పులు నింపిన పెట్టె వచ్చింది. గుంపస్వామి నోటుని బల్లమీద పరిచి పెట్టె ఎత్తాడు.

"బాబూ, కాలిపోద్ది" అంది నూకాలమ్మ.

"కాలితే కాలనీ అమ్మా. అర్ధరూపాయేగా."

పెట్టె దిగుతోంది. జానెడు. బెత్తెడు.

"ఆగు!"

అధికారి ఒక్క దూకు దూకి నోటుకి అడ్డం పడ్డాడు. తలపాగా ఊడి నేలమీద దొర్లింది.

"మూర్ఖుడా, మడతున్నా కొంటారు గానీ వేడి తగిలిన కాగితాన్ని ఎవడూ ముట్టుకోడు. మొదటి మేనేజరు సంతకమున్న నోటిది. దేశం మొత్తంమీద ఇలాంటిది ఇంకొక్కటే ఉంది. వెయ్యి రూపాయలకి కళ్లకద్దుకుని తీసుకుంటారు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. గుంపస్వామి పెట్టె పక్కన పెట్టాడు.

"ప్రభూ, అధికారిగారు ఇప్పుడు వెల కట్టారు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. వెయ్యి రూపాయలు నూకాలమ్మ కొంగులో పోయించారు. "పడవ" అని మాత్రం అనగలిగిందామె. రాజుగారు తన శాలువా తీసి గుంపస్వామికి కప్పి, "ఇంకేం కావాలోయ్?" అన్నారు.

"నాకేం వద్దు ప్రభూ. పెట్టెలో నిప్పులింకా ఉన్నాయి. అధికారిగారి తలపాగా చూడండి, మడతలు పడిపోయింది. అర్ధరూపాయి కూడా చెయ్యదు."