సున్నా చూపించిన మీటరు

నూకరత్నం గారు ఎవరి మాటా నమ్మరు. గాజువాక దగ్గర ఒక కరెంటు బస్సుల షెడ్డులో మెకానిక్కులకు పని నేర్పేది ఆవిడే. టీ కూడా గ్లాసు అడుగు చూసుకుని గానీ తాగరని అందరూ వెనకాల నవ్వుకునేవారు. అక్కడే పని నేర్చుకుంటున్న నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ దగ్గర కొత్తగా చేరిన సన్యాసిరావుకు నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు లారీ బ్యాటరీలతోనే కాపురం చేశాడు. "కరెంటు తీసేశాను" అని అతను చెప్పిన ప్రతిసారీ ఆవిడ "చూపించండి" అనేవారు. ఒకరోజు అతనికి ఒళ్ళు మండింది.

"అనుమానం పెనుభూతం అన్నారమ్మా పెద్దలు. ఇంత అనుమానం పెట్టుకుంటే మనిషికి చెయ్యాడతాదా?" అని అందరి ముందూ అడిగేశాడు.

ఆవిడ పని చూడమన్నారు.

ఆ వేళ ఒక బస్సులో పెద్ద బ్యాటరీల నుంచి వచ్చే నారింజరంగు కేబుల్‌ని విప్పాలి. విప్పవలసినవాడు సన్యాసిరావు బావమరిది ఎర్రయ్య. మెయిన్ ప్లగ్గు పీకాక, లోపల నిలవున్న కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగాలన్నది షెడ్డు నియమం. సన్యాసిరావు ఎంతసేపు ఆగాడో నేను చూడలేదు గానీ, పది నిమిషాలు మాత్రం ఆగలేదు. రబ్బరు చేతొడుగులు వేసుకుని కేబుల్ కొసలకు మీటరు ఆనించాడు. సున్నా చూపించింది.

"లేదమ్మా కరెంటు. మీరే చూసుకోండి," అన్నాడు పందెం గెలిచినవాడిలా. ఎర్రయ్య స్పానర్ అందుకున్నాడు.

"ఆగు ఎర్రయ్యా," అన్నారు నూకరత్నం గారు. పక్కన బల్లమీద కొత్త స్కూటర్ బ్యాటరీ ఒకటి ఉంది. "రావుగారూ, అదే మీటరు దీనికి పెట్టండి."

పన్నెండు వోల్టులు చూపించాల్సిన చోట కూడా సున్నాయే వచ్చింది. మీటరు తీగ లోపల ఎప్పుడో తెగిపోయింది. పైకి మాత్రం చక్కగా ఉంది.

ఆవిడ తన మీటరు తెప్పించి, ముందు స్కూటర్ బ్యాటరీకి పెట్టించారు. పన్నెండు. తరవాత కేబుల్‌కి పెట్టించారు. మూడు వందల ఎనభై వోల్టులు.

సన్యాసిరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎర్రయ్య చేతిలోంచి స్పానర్ లాక్కుని, "మీ అక్కకి ఏటి చెప్పుకుందునురా!" అంటూ చతికిలబడ్డాడు.

ఈసారి పది నిమిషాలూ గడియారం చూస్తూ ఆగాం. అప్పుడు నూకరత్నం గారే చేతొడుగులు వేసుకుని కేబుల్‌ని కొలిచి, "కరెంటు లేదు" అన్నారు.

"అయితే ఎర్రయ్య చెయ్యి పెట్టొచ్చామ్మా?" అని సన్యాసిరావు మెల్లిగా అడిగాడు.

ఆవిడ మీటరు తీసి అతని చేతికిచ్చారు.

"నా మాట మీద పెట్టిస్తారా?"