చెరిపేసిన అంకెలు

తునిలో ఒక ఇంటర్నెట్ ఆఫీసులో తాతబ్బాయి అనే ఉద్యోగి ఉండేవాడు. పనిమంతుడే గానీ, పక్కవాళ్ళు పచ్చగా ఉంటే ఓర్వలేకపోయేవాడు.

ఊళ్ళో సగం లైన్లు అతను చూసేవాడు. మిగతా సగం రెండేళ్ళ క్రితం చేరిన సుగుణరత్నం చూసేది. ఏ లైనులో ఎంత డేటా వెళ్ళింది, దారిలో ఎంత పాడైంది అన్నది ఆఫీసులోని మెషీన్ లెక్కకట్టి చూపించేది. ఆ పాడైనవాటిని ఎర్రర్లు అనేవారు. రోజూ పదింటికి యజమాని కామేశ్వరరావు గారు వచ్చి ఆ అంకెలు చూసేవారు.

"పాయకరావుపేటలో కొత్త బ్రాంచి పెడుతున్నాను. ఎవరి లైన్లు బాగుంటే వాళ్ళే దానికి ఇన్‌చార్జి" అన్నారాయన ఒకరోజు.

ఇంక చూడండి, తాతబ్బాయి కడుపులో మంట! "పదేళ్ళుగా స్తంభాలెక్కి చచ్చింది నేను. నిన్నగాక మొన్నొచ్చిన ఈవిడా నాకు పోటీ!" అని కుళ్ళిపోయాడు. తన లైన్ల సంగతి వదిలేసి పొద్దస్తమానం ఆమె అంకెలే చూసేవాడు. ఆమెకు ఎర్రర్లు వస్తే ఆ పూట అన్నం సహించేది. రాకపోతే మజ్జిగ కూడా చేదే.

అసూయ అంతటితో ఊరుకుంటుందా? మెషీన్‌లో లెక్క చెరిపి సున్నాకు తెచ్చే వీలుంది. లైను బాగుచేశాక, ఎర్రర్లు మళ్ళీ వస్తున్నాయేమో చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటది. తాతబ్బాయి బాగుచేయడం మానేసి, రోజూ పదికి ఐదు నిమిషాల ముందు చెరపడం మొదలుపెట్టాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే!

"భేష్ తాతబ్బాయీ! అన్నీ సున్నాలే. ఏమ్మా సుగుణా, నీకు అరవై ఏమిటి?" అన్నారు యజమాని.

"నిన్న నలభై అండీ. పెరుగుతున్నాయంటే తీగ ఎక్కడో దెబ్బతింటోంది. చూసొస్తాను" అని ఆమె వెళ్ళి, కోతులు కొరికిన తీగ మార్చి వచ్చింది. తాతబ్బాయి మీసం చాటున నవ్వుకున్నాడు.

నెల తిరిగింది. ఒకరోజు పదకొండు దాటాక నర్సింగు కాలేజీలో వందమంది ఆడపిల్లలు కంప్యూటర్లలో పరీక్ష రాస్తుండగా లైను పడిపోయింది. అది తాతబ్బాయి లైనే.

"ఎప్పట్నుంచి పాడవుతోందయ్యా?" అని యజమాని పరుగెత్తుకొచ్చారు.

"నిన్నటిదాకా బాగానే ఉందండీ" అన్నాడు తాతబ్బాయి.

సుగుణ ఆ లైను వివరాలు తెరిచి, చదువుతూ చదువుతూ ఆగిపోయింది. యజమాని వంగి చూశారు. లెక్క చెరిపి ఎంతసేపైందో కూడా మెషీన్ రాసిపెడుతుంది మరి! చెరిపి గంటంపావు. ఎర్రర్లు తొమ్మిది వేలు. అతని లైన్లన్నిటికీ అదే సమయం రాసి ఉంది. తాతబ్బాయి తల వంచుకున్నాడు.

పాత అంకెలు లేక, తప్పు ఎప్పుడు ఎక్కడ మొదలైందో తెలియలేదు. మూడు కిలోమీటర్ల తీగ వెతుక్కుంటూ అతను బయలుదేరాడు. సాయంగా సుగుణ కూడా వెళ్ళింది. సాయంత్రానికి, నీళ్ళు దిగి చిలుము పట్టిన అతుకు దొరికింది. అప్పటికే పరీక్ష రద్దయి పిల్లలు ఏడుస్తూ ఇళ్ళకు పోయారు.

"ఇది నెల్లాళ్ళ నుంచి పాడవుతూ ఉండుంటుంది. మొదట్లోనే చూసుంటే పది నిమిషాల పనండీ" అంది సుగుణ.

తాతబ్బాయికి ఆమె మీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. కొత్త బ్రాంచి సుగుణకు దక్కింది.

ఎదుటివాళ్ళ తప్పులు లెక్కపెడుతూ తన తప్పులు చెరిపేసుకునేవాడు, వాటిని దిద్దుకునే దారిని కూడా చెరిపేసుకుంటాడు.