వరహాలు కెమెరాకి కాపలా

నేరేడువలసలో తెలివైన ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే వరహాలు తన ఇల్లు చూపించేవాడు. అడక్కపోయినా చూపించేవాడు.

"మా ఇంట్లో మూడు తలకాయలున్నాయి. నాది, మా ఆవిడ నూకరత్నానిది, మా తమ్ముడు సన్యాసయ్యది. ఒకరి తెలివి చాలకపోతే ఇంకొకరిది కలుపుకుంటాం. ఇంక మాకు లోటేమిటి?" అనేవాడు.

ఆ మూడు తలకాయలూ కలిసి ఆలోచించి, పాడిగేదెనిచ్చేసి ఒక పాత కెమెరా తెచ్చుకున్నాయి. గేదె మేత అడుగుతుంది, కెమెరా అడగదు. అంతే, వరహాలు ఫోటోగ్రాఫరైపోయాడు.

వారం తిరక్కుండా కూర్మయ్య మాస్టారు వచ్చారు. "ఒరే వరహాలూ, వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళి. మా అమ్మ తుంటి విరిగి పార్వతీపురంలో మంచాన పడి ఉంది, రాలేదు. మనవరాలి పెళ్ళి నీ ఫోటోల్లోనే చూసుకోవాలి. జాగ్రత్తరా" అన్నారు.

వరహాలు గుండె బరువెక్కింది. ఆ ముసలావిడ కోసమైనా కెమెరాకి చీమ కుట్టకూడదనుకున్నాడు. వెంటనే పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కెమెరా పెట్టాడు. చీమల సంగతి తేలిపోయింది. మిగతా సంగతి తేల్చుకోవడానికి పట్నంలో కెమెరా షాపుకి వెళ్ళాడు.

"లెన్సు ముందు ఫిల్టర్ తొడుక్కో. దుమ్మూ ధూళీ పడదు. దెబ్బ తగిలినా ఫిల్టరే పగుల్తుంది, లెన్సు బతుకుతుంది. ఇమ్మంటావా?" అన్నాడు షాపాయన.

"ఎందుకండీ, ఫిల్టర్ మా ఇంట్లో ఉందిగా" అని వరహాలు నవ్వుకుంటూ వచ్చేశాడు.

ఇంకేముంది, కాఫీ ఫిల్టర్ చిల్లుల గిన్నె తెచ్చి లెన్సుకి తొడిగి పురికొసతో బిగించాడు. కన్ను పెట్టి నూకరత్నాన్ని చూశాడు. ముఖం నిండా చుక్కలు.

"ఓసేయ్, నీకు అమ్మవారు పోసిందే!"

"నాకేం తెలీడం లేదే?" అంది నూకరత్నం బుగ్గలు తడుముకుంటూ.

"నీకెలా తెలుస్తుంది వదినా? నీ ముఖం నీకు కనిపిస్తుందా?" అన్నాడు సన్యాసయ్య.

అదీ నిజమే. అంతే, గుమ్మానికి వేపమండలు కట్టారు. మూడు రోజులు ఆవిడ వేపాకుల మీద పడుకుని, చల్లన్నం తప్ప ఏమీ ముట్టలేదు. వరహాలు రోజూ పొద్దున్నే కెమెరాలోంచి చూసి, "ఒక్క పొక్కూ మాడలేదు" అని కళ్ళు ఒత్తుకునేవాడు. నాలుగో రోజు సన్యాసయ్యకి కాఫీ మీద మనసుపోయి ఫిల్టర్ విప్పాడు. విప్పి కెమెరాలోంచి చూస్తే వదిన ముఖం తళతళలాడుతోంది!

"అన్నయ్యా! వదిన రోగమంతా ఫిల్టర్ వడగట్టేసిందిరా!"

రోగమున్న ఫిల్టర్ ఇంట్లో ఎవరుంచుకుంటారు? ఊరి బయట గొయ్యి తీసి పాతిపెట్టారు.

వరహాలు మళ్ళీ షాపుకి వెళ్ళాడు. షాపాయన అంతా విని, ఒక గుండ్రటి అద్దం ఫిల్టర్ చేతిలో పెట్టాడు. దాన్ని బిగించాక సన్యాసయ్యకి అనుమానమొచ్చింది. "దెబ్బ తగిలితే ఇదే పగుల్తుందన్నాడు. నిజమో అబద్ధమో చూడొద్దా?" అని పచ్చడిబండతో ఒక్కటిచ్చాడు. ఫిల్టర్ ముక్కలైంది. లెన్సుకి ఏమీ కాలేదు.

"ఎంత నిజాయితీ గల మనిషో! చెప్పింది చెప్పినట్టు పగిలింది" అని ముగ్గురూ పొంగిపోయారు.

అప్పుడు నూకరత్నం గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "లెన్సుని ఫిల్టర్ కాపాడింది, బాగానే ఉంది. పాపం, ఫిల్టర్ని ఎవరు కాపాడతారు?"

అంత దూరం ఎవరూ ఆలోచించలేదు. ఇంకేముంది, కొత్త ఫిల్టర్ తెచ్చి, దాని ముందు దానికి కాపలాగా ఇంకోటి, ఆ కాపలాకి కాపలాగా ఇంకోటి, అలా ఏడు బిగించారు. ఏడోదానికి ఎవరూ లేరని నూకరత్నం మనసులో బాధపడుతూనే ఉంది. కెమెరా ఏనుగు తొండంలా తయారైంది. మిట్టమధ్యాహ్నం దాంట్లోంచి చూసి సన్యాసయ్య, "పొద్దుపోయింది వదినా, అన్నం పెట్టు" అన్నాడు. ముగ్గురూ తిని, దీపం ఆర్పి పడుకున్నారు.

పక్క ఊళ్ళో గంగునాయుడని ముసలి ఫోటోగ్రాఫరున్నాడు. అన్నదమ్ములు కెమెరా పట్టుకెళ్ళి చూపిస్తే, ఆయన ఆ తొండం చూసి తల పట్టుకున్నాడు. "ఫిల్టరూ వద్దు, గిల్టరూ వద్దు. తీసి కాలవలో పారెయ్. లెన్సుని కంటికి రెప్పలా కాపాడుకో, చాలు."

దారిలోనే కాలవ కనిపించింది, ఏడూ పారేశారు. ఇంటికొచ్చి పాత చెప్పు తోలు కోసి లెన్సుకి రెప్ప కుట్టారు. చీపురు పుల్లలు గుచ్చి వెంట్రుకలు కూడా పెట్టారు. ఎత్తి దించడానికి తాడు కట్టి తమ్ముడి చేతికిచ్చాడు వరహాలు. "నీ రెప్ప ఎప్పుడు వాలితే దాని రెప్ప అప్పుడు వాల్చు."

పెళ్ళిరోజు వచ్చింది. సరిగ్గా తాళి కట్టే వేళకి హోమం పొగ కమ్ముకుంది. సన్యాసయ్య కళ్ళు మూసుకున్నాడు. కెమెరా రెప్ప కూడా వాలింది.

"ఎత్తరా! తాళి కట్టేస్తున్నాడు!"

"నా కళ్ళు తెరుచుకోనీ అన్నయ్యా!"

తెరుచుకునేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. తలంబ్రాలు మొదలయ్యాయి. దోసిళ్ళతో చల్లుతున్నారు. ఒక బియ్యపు గింజ వచ్చి లెన్సుకి టక్కున తగిలింది. వరహాలు ప్రాణం విలవిల్లాడింది. పసిబిడ్డ మీదకి రాయొస్తే తల్లి ఏం చేస్తుంది? ముఖం తన వైపు తిప్పుకుంటుంది. అంతే, వరహాలు కెమెరా ముఖం తన వైపు తిప్పేసుకున్నాడు. ఒక్క గింజ తగలనిస్తే ఒట్టు. అప్పగింతలదాకా అలాగే పట్టుకుని రీలంతా తీసేశాడు.

ఫోటోలొచ్చాయి. అన్నిట్లోనూ వరహాలే. నెత్తి నిండా తలంబ్రాలు.

కూర్మయ్య మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. "ఒరే, ఇది ఎవరి పెళ్ళిరా? ఈ మాట మా అమ్మకి నేను చెప్పలేను. నువ్వే వెళ్ళి చెప్పుకో."

అన్నదమ్ములిద్దరూ పార్వతీపురం వెళ్ళారు. ముసలావిడకి చూపు ఆనదు. ఫోటోలు కళ్ళ దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. వరహాలు వైపు చూసింది. మళ్ళీ ఫోటో చూసింది. "నువ్వేనా నాయనా పెళ్ళికొడుకువి? కాస్త ముదురైనా కళైన ముఖం. పిల్లని ఏడిపించకు, నూరేళ్ళు చల్లగా ఉండండి" అని తల మీద చెయ్యి పెట్టింది. ఆవిడ కళ్ళ నీళ్ళు చూసి వరహాలుకీ నీళ్ళొచ్చాయి. "ఏడిపించనమ్మా" అని కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

బస్సులో సన్యాసయ్య ముఖం ముడుచుకున్నాడు. "నీకు మళ్ళీ పెళ్ళయిందని నాకు చెప్పనే లేదు."

"నాకూ ఇప్పుడే తెలిసిందిరా. తలంబ్రాలు చూస్తే నా నెత్తి మీదే ఉన్నాయి. పెద్దావిడ దీవించేసింది. ఇంక కాదంటే ఏం బాగుంటుంది?"

ఇంటికొచ్చి నూకరత్నానికి చెప్పారు. ఆవిడ కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, కొత్త కోడలికి మర్యాద తక్కువ కాకూడదని ఎర్రనీళ్ళు కలిపి, పళ్ళెంలో కర్పూరం పెట్టి, గుమ్మంలో ఎదురుచూసింది. ఎంతకీ ఎవరూ రాలేదు. అంత హారతీ వృథా అయిపోతుందే అని, తనే పట్టుచీర కట్టుకుని వీధిలోకి దిగి, మొగుడి ఇంటి ముందు తల వంచుకు నిలబడి, "లోపల ఎవరండీ? కొత్త కోడలొచ్చింది" అని కేకేసింది.

వరహాలు పరుగెత్తుకొచ్చాడు. పట్టుచీర చూసి సిగ్గుపడ్డాడు.

"వచ్చావా! కాస్త అక్కడే నిలబడు. మా ఆవిడతో ఒక్క మాట చెప్పి వస్తాను" అని లోపలికి పోయి, "నూకరత్నం! ఓ నూకరత్నం!" అంటూ ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాడు.