గవరమ్మ పిస్తోలు బేరం

రంగవలస జమీందారుకి ఎంత అనుమానమంటే, తన నీడని కూడా నడుం తడిమి చూశాకే గడప దాటనిచ్చేవాడు. అబద్ధమైతే నా పళ్ళు రాలిపోవాలి. ఉన్నవి రెండే కనుక ధైర్యంగా చెబుతున్నాను.

ఆయన కన్ను గవరమ్మ పిస్తోలు మీద పడింది. ఒక గుండు పేలగానే ఇంకోటి దానంతటదే ఎక్కే రకం అది. పటాలంలో పనిచేసి పోయిన మొగుడు మిగిల్చింది అదొక్కటే. అది అమ్మి గేదెను కొనుక్కోవాలన్న ఆశతో ఆమె దాన్ని జమీందారు ఇంటికి తెచ్చింది.

దివాను దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి జమీందారు చిట్టి పిస్తోలు పక్కన పెట్టాడు. “ఏలినవారిది అరచేతిలో ఇముడుతుంది. ఇది బొడ్డున దోపితే పనసకాయలా పొడుచుకొస్తుంది. పైగా అరిగిపోయింది, పేలదు. రెండు రూపాయలు ఎక్కువే!”

“సరే బాబూ,” అంది కొడవళ్ళు సానబట్టి అమ్ముకుని బతికే గవరమ్మ. “కొనేవాడి చేతి వెంట్రుకలు గీసి చూపించందే మేం కొడవలి అమ్మం. దీనికీ అదే పద్ధతి. అలా నిలబడండి, మీట నొక్కుతాను. ఎలాగూ పేలదన్నారుగా!”

ఆమె పిస్తోలు అందుకోగానే గొట్టం దివాను వైపు తిరిగింది.

“ఇరవై!” అంటూ దివాను జమీందారు వెనక్కి దూరాడు. గొట్టం కూడా అటే తిరిగింది.

“నూట యాభై! ముందు కింద పెట్టవే!” జమీందారు కేకకి ఏడూళ్ళ కాకులు లేచాయి.

గవరమ్మ రూపాయలు కొంగున ముడేసుకుని గుమ్మం దాటుతుంటే జమీందారుకి మళ్ళీ అనుమానమొచ్చింది.

“ఆగు! ఇందులో గుండ్లున్నాయా?”

“ఎక్కడివి బాబూ? పేలదని దివాను గారు ముందే చెప్పారు. నేను నమ్మాను. నమ్మనిది మీరే!”