ఓబులేసు సొరంగం

అనగనగా, రైలు బొగ్గు తిని నీళ్ళు తాగి నడిచిన రోజుల్లో, నల్లమలలో ఒక కొండ. కొండకొక సొరంగం. సొరంగానికొక కాపలా మనిషి. పేరు ఓబులేసు.

అదేదో పెద్ద ఉద్యోగం అనుకునేరు. ఒంటి మీద సరైన చొక్కా కూడా ఉండేది కాదు. చేతిలో ఒక లాంతరు, ఒక సుత్తి, అంతే. రైలొచ్చే వేళకు లోపలికి పోయి, పైనుంచి రాళ్ళేమైనా పడ్డాయేమో చూడాలి. బయట రైలు ఆగి కూత వేస్తుంది. దారి బాగుంటే ఓబులేసు పట్టా మీద కొడతాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. అంటే రమ్మని. బాగా లేకపోతే కొట్టడు.

సుత్తి పలికితే రా, పలక్కపోతే రావద్దు. ఇదీ కట్టుబాటు. మొదటి దెబ్బ వినగానే డ్రైవరు బండి కదిలించేవాడు. మనిషి అరుపు బయటికి చేరదు, కొండ మింగేస్తుంది. లోపలివాడికే ఆపద వస్తే ఎట్లా అన్న సంగతి ఆ కట్టుబాటు పెట్టిన పెద్దలకు తట్టలేదు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

వానాకాలం, ఒక సాయంత్రం. ఓబులేసు భార్య మద్దమ్మ పుట్టింట్లో కాన్పయి, పసిబిడ్డతో ఆ రైల్లోనే వస్తోంది. బిడ్డ మొహం ఓబులేసు ఇంకా చూడలేదు. ఆత్రంగా లోపలికి పోయాడు. నడిమధ్యకు చేరేసరికి పైకప్పు విరిగిపడింది. దారి మూసుకుపోయింది. లాంతరు ఆరిపోయింది. నడుము దాకా రాళ్ళ కింద ఓబులేసు.

రైలొచ్చింది. మొదటి కూత వేసింది. ఓబులేసు చెయ్యి సుత్తి మీదికి పోయింది.

రెండో కూత. సుత్తి పైకి లేచింది. కొడితే మనుషులొస్తారు. కానీ రైల్లో వస్తారు, రాళ్ళ మీదికి వస్తారు.

మూడో కూత. తన చేతి మీద తనకే నమ్మకం పోయింది. సుత్తిని అందనంత దూరం మట్టిలోకి విసిరేశాడు.

ఎవరు చూశారని నన్నడక్కండి. తర్వాత సుత్తి దొరికింది అక్కడే.

బయట డ్రైవరు లాజరయ్య విసుక్కున్నాడు. "తాగి పండుకోనుంటాడు. పోదాం పాండి" అన్నాడు.

మద్దమ్మ బిడ్డతో దిగి, ఇంజను ముందు పట్టా మీద కూర్చుంది. "మా ఆయన పలకలేదంటే రావద్దంటాండాడన్నా. పోవల్లంటే మా మింద పో" అంది.

లాజరయ్య దిగాడు. లాంతర్లతో అందరూ నడిచి పోయారు. ఓబులేసు ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ప్రాణం లేదు. మద్దమ్మ బిడ్డను ఆయన మొహం దగ్గర పెట్టి ఏడ్చింది.

రాళ్ళు తీశాక మొదటి రైలొచ్చింది. కాపలాకు కొత్త మనిషిని ఇంకా పెట్టలేదు. లాజరయ్య అలవాటు కొద్దీ కూత వేశాడు.

ఠంగ్, ఠంగ్, ఠంగ్.

లోపల ఎవరూ లేరు. సుత్తి మద్దమ్మ గుడిసెలో ఉంది. అయినా లాజరయ్య బండి కదిలించాడు. క్షేమంగా దాటింది. మర్నాడూ అంతే. మళ్ళీ జడివాన పట్టిన రోజు మాత్రం లోపలినుంచి ఏమీ వినబడలేదు. పోయి చూస్తే పట్టాల మీద రాళ్ళు. ఆ తర్వాత కొత్త మనిషి ఊసే ఎవరూ ఎత్తలేదు.

మద్దమ్మకు మాత్రం బతుకు మీద ఆశ పోయింది. ఒక పొద్దు బిడ్డను పొరుగింట్లో పడుకోబెట్టి, సొరంగం ముందు నిలబడింది.

"ఏమయ్యా, నేనూ నీ కాడికి వస్తాండా."

ఏమీ పలకలేదు.

"రానా?"

చల్లటి గాలి ఒకటి వచ్చి మొహానికి తగిలింది.

"ఒక్క దెబ్బ కొట్టయ్యా. వచ్చేస్తా."

లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. ఇనుము మాత్రం మోగలేదు. మద్దమ్మ అక్కడే కూలబడి, ఏడ్చి ఏడ్చి, లేచి, బిడ్డకు పాలివ్వడానికి ఇంటికి పోయింది.

ఇప్పుడు పట్టాలు మారాయి. రైలు అక్కడ ఆగదు. అయినా సొరంగం రాగానే పెట్టెలో మాటలు ఆగిపోతాయి. పల్లీలమ్మేవాళ్ళు డబ్బా మీద తట్టరు. ఆ చుట్టుపక్కల ఎవరికైనా, పోయినవాళ్ళ వెంట తామూ పోవాలనిపిస్తే, ముసలమ్మలు తిట్టరు, నీతులు చెప్పరు. చెయ్యి పట్టుకుని ఆ సొరంగం దగ్గరికి తీసుకుపోతారు. "అడుగు నాయనా. ఓబులేసు రమ్మంటే పోదువు" అంటారు.

ఇంతవరకు ఒక్కరికీ సుత్తి పలకలేదు. అందరూ తిరిగొచ్చి అన్నం తిన్నారు.